నల్లరాళ్లు

డ్రెస్డెన్‌లో ఉంటున్న తమ్ముడి దగ్గరకు వెళ్లినప్పుడు ఒక శనివారమంతా ఊరు చూడ్డానికే పెట్టుకున్నాం. పులిహోర డబ్బాలో పెట్టుకుని పొద్దున్నే ట్రామెక్కాం. 'రాజుల ఊరేగింపు' గోడ దగ్గర మా పాప కదిలితేగా! 102 మీటర్ల పొడవున, దాదాపు 23 వేల పింగాణీ పలకలతో చేసిన బొమ్మ మరి.

అక్కణ్నుంచి ఫ్రావెన్‌కిర్ఖె చర్చికి వెళ్లాం. లేతరంగు గోడల్లో అక్కడక్కడా నల్లరాళ్లు.

''బాబాయ్, మసి అంటిందా?''

''కాదమ్మా, అవి పాతరాళ్లు. ఈ ఇసుకరాయి ఏళ్లు గడిచేకొద్దీ నల్లబడుతుంది.''

1945 ఫిబ్రవరిలో బ్రిటన్, అమెరికా విమానాలు ఈ ఊరిమీద బాంబులు కురిపించాయి. సుమారు 25 వేలమంది చనిపోయారు. మంటల వేడికి చర్చి కుప్పకూలింది. దాదాపు 50 ఏళ్లు రాళ్లగుట్టగానే ఉండిపోయింది. 1994లో మళ్లీ కట్టడం మొదలుపెట్టి, ఏరి దాచిన పాతరాళ్లనూ వాడి 2005లో పూర్తిచేశారు. శిఖరంమీది శిలువ చేసింది లండన్ కంసాలి. ఆయన తండ్రి ఆనాడు బాంబులు వేసిన పైలట్లలో ఒకరు!

నాన్న ఓ నల్లరాయిమీద చెయ్యి ఆన్చి నిలబడిపోయారు. ఊళ్లో తాతగారి పెంకుటిల్లు పడగొట్టి డాబా వేయాలని నేనూ తమ్ముడూ అప్పటికే నిర్ణయించేశాం. నాన్న అవుననలేదు, కాదనలేదు. ఇప్పుడు మెల్లగా అన్నారు...

''ఇల్లు పడగొట్టండిరా. సింహద్వారం మాత్రం అమ్మకండి. కొత్తింటికీ అదే పెట్టండి.''

ఇద్దరం తలొంచుకున్నాం. ద్వారబంధానికి బేరం కుదిరి, బయానా కూడా తీసుకున్నాం. ఆయనకు చెప్పలేదంతే.

ఆ రాత్రే ఊరికి ఫోన్‌చేసి బయానా తిరిగిచ్చేయమన్నాం.