తెర నిలిచిన వేళ

యంత్రము నిలిచిపోయినపుడు మన యిండ్లలో సాధారణముగా రెండు మాటలు వినబడును. ఒకటి, "దీని పని యైపోయినది". రెండవది, "ఇది మనకు అచ్చిరాలేదు". మొదటిది తొందర, రెండవది మూఢవిశ్వాసము. రెంటియందును విచారణ లేదు. ఎచ్చట నిలిచినది, ఏల నిలిచినది యని యడుగువారు నూటికొక్కరు కానరారు. ఈ యలవాటును గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

విండోస్ 10 యను కూర్పునకు సాధారణ పోషణ 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. దాని తరువాతి కూర్పును పెక్కు పాత కంప్యూటర్లు మోయజాలవు. అవయవములన్నియు చక్కగా నున్నను అవి మూలబడుచున్నవి. అట్టివానికి లినక్సు ఒక యాధారము. 1983లో రిచర్డు స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ యుద్యమమును, 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రచించిన కెర్నెలును కలిసి దీనికి మూలమైనవి. దీనిని ఎవరైనను చదువవచ్చును, సవరింపవచ్చును, పంచిపెట్టవచ్చును. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు దీనిని తెలుగు మాటలతో మనకందించుటకు పాటుపడిరి.

మా గజ్వేలులో కుట్టుపనితో జీవించు నొక తల్లి తన కూతురి చదువునకై పాత ల్యాపుటాపు నొకదానిని కొన్నది. ఆ బాలిక మా పూర్వవిద్యార్థిని. అందు లినక్సు నెక్కించి తెరచినంతనే చిహ్నము మాత్రము కనబడి తెర కదలక నిలిచెను. మేనమామ, "ఇది అచ్చిరాలేదక్కా, ప్రజ్ఞాపూర్ చౌరస్తాల ఎంతకొస్తే అంతకు అమ్మేద్దాం" అనెను. అమ్మిన పిదప మరియొకటి కొను శక్తి యా యింటికి లేదు. చదువు నడుమ నిలిచిపోవలసినదే.

యంత్రము మేల్కొనుటను ఆంగ్లమున బూటగుట యందురు. తన బూటు పట్టీలను తానే లాగుకొని పైకి లేచుట యను పరిహాసోక్తినుండి యా మాట పుట్టినది. ఆ లేచుట యొక్క గంతు కాదు, మెట్ల వరుస. మొదట పలకయందలి చిన్న ప్రోగ్రాము అవయవములను పరీక్షించును. అది గ్రబ్ అను ద్వారపాలకుని పిలుచును. గ్రబ్ కెర్నెలును స్మృతిలోనికి తెచ్చును. కెర్నెలు డ్రైవర్లను మేల్కొలుపును. కట్టకడపట ప్రవేశపు తెర కనబడును. కావున "నిలిచినది" యనుట చాలదు. ఏ మెట్టుమీద నిలిచినదో తెలియవలెను.

ముందుగా క్యాప్స్‌లాక్ మీటను నొక్కి చూడుమని బాలికకు జెప్పితిమి. "లైటు ఎలుగుతున్నది సారూ" అన్నది. మీట నొక్కినపుడెల్ల దీపము మారుచున్నదన్న కెర్నెలు జీవించియే యున్నదని యూహింపవచ్చును. చూపు మాత్రమే లోపించినది. పిదప యంత్రమును మరల తెరిపించి, గ్రబ్ పట్టికయందు ఆంగ్లాక్షరములలో ఐదవదియగు "ఇ" మీటను నొక్కించితిమి. లినక్సు అను మాటతో నారంభమగు వరుస చివర "క్వైట్ స్ప్లాష్" అను రెండు పదములుండెను. వానిని తీసివేసి ఎఫ్10 నొక్కగా, చిహ్నము తొలగి యంత్రము చేయు పనులన్నియు వరుసగా తెరపై నడచినవి. చిత్రముల చిప్పు పేరు వచ్చినచోట నడక యాగినది.

మరల తెరచి, ఆ వరుస చివరనే "నోమోడ్‌సెట్" అని వ్రాయించితిమి. చిత్రపు డ్రైవరు తెర యమరికను తన చేతిలోనికి తీసికొనకుండ నిది యాపును. ప్రవేశపు తెర తెలుగక్షరములతో వెలిగెను. ఈ సవరణ ఆ యొక్క పర్యాయమునకే చెల్లును. కావున వెరువ బనిలేదు. ఆ మాటయున్న తెర వచ్చును, లేకున్న నిలుచును. మన తార్కికులు చెప్పు అన్వయవ్యతిరేకములు ఇవియే. దోషము చిత్రపు డ్రైవరుదని తేలెను. తగిన డ్రైవరు నెక్కించిన పిదప ఆ మాట యక్కరయే లేకపోయినది. ఎక్కించుటకు ముందే దిగుమతి చేసిన ప్రతి యొక్క షా-256 సంఖ్యను ప్రకటిత సంఖ్యతో నక్షరమక్షరము పోల్చియుండుటచే, ప్రతి చెడినదేమో యను సందేహమునకు తావు లేకుండెను.

ఈ పనులన్నియు బాలికయే తన చేతులతో జేసినది. మేము ప్రక్కన గూర్చుండి ప్రశ్నలు మాత్రమడిగితిమి. మేనమామ మారుమాటాడక చూచుచుండెను. తల్లి, "దీనికి మాటలొస్తయని నాకెరుక లేదు సారూ" అన్నది. ఆ మాట మాకు మిక్కిలి విలువైనదిగా దోచినది. యంత్రము మొదటినుండియు చెప్పుచునే యున్నది. అందమైన చిహ్నము దానిని వినబడనీయలేదు.

మన సంసారములలోను ఇట్టి చిహ్నములు గలవు. చదువు మానిన పిల్లను గూర్చి "దాని రాత" యందుము. రోగిని గూర్చి "గ్రహచార"మందుము. ఆ మాటలు కారణములు కావు, కారణములను గప్పు తెరలు. తెర దీసి చూచిన ఫీజు కట్టలేని పేదరికమో, నడువవలసిన దూరమో, వేళకందని మందో కానవచ్చును. అన్నియు మన చేత బాగుపడునని మేమనము. కొన్ని యంత్రములు నిజముగానే చెడును. ఐనను విచారింపక మున్నే తీర్పు చెప్పుట యన్యాయము. సోదరీసోదరులారా! మీ యింట నేది నిలిచిపోయినను, అమ్మివేయుటకు ముందు, అదృష్టమును దూరుటకు ముందు, ఏ మెట్టుమీద నిలిచినదని యొక్కసారి యడుగుడు. ఆ ప్రశ్నను మీ యాడపిల్లలచేత నడిగింపుడు.