ఉరుగ్వే వెళ్ళేవాళ్ళు అడగని ప్రశ్న

ఉరుగ్వే అనగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "అది ఆఫ్రికాలోనా?" అని. రెండోది "అక్కణ్ణుంచి అమెరికా వెళ్ళడం తేలికటగా?" అని. మూడోది "బియ్యం దొరుకుతాయా?" అని. నేను రెండున్నరేళ్ళు మాంటెవిడియోలో పనిచేసి వచ్చాను కాబట్టి ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోన్ చేసి ఈ మూడూ అడుగుతూనే ఉంటారు. అసలు అడగాల్సింది ఇంకోటుంది. దాన్ని ఎవరూ అడగరు. అందుకే ఈ టపా.

ముందు తేలికవి కానిచ్చేద్దాం. ఉరుగ్వే ఉన్నది దక్షిణ అమెరికాలో, బ్రెజిల్‌కీ అర్జెంటీనాకీ మధ్య. జనాభా సుమారు 35 లక్షలు, అంటే మన హైదరాబాదులో సగం కూడా లేదు. ఇంత చిన్న దేశంలో మనకేం పనీ అంటే, కారణం గడియారం. అక్కడి టైము న్యూయార్క్ కంటే గంటో రెండు గంటలో ముందుంటుంది, అంతే. అమెరికా క్లయింటు పగలు మేలుకుని ఉన్నప్పుడు మనమూ పగలే పనిచేస్తాం. టీసీఎస్ 2002లోనే మాంటెవిడియోలో సెంటర్ తెరిచింది ఇందుకే. నైట్ షిఫ్టులతో కళ్ళకింద వలయాలు తెచ్చుకున్నవాడికి ఈ ఒక్క ముక్క చాలు, పెట్టె సర్దుకోవడానికి.

అమెరికాకి మెట్టా అంటే, కాదు. ఎల్-1 వీసాకి విదేశీ శాఖలో ఏడాది పనిచేసి ఉండాలి, నిజమే. కానీ ఆ ఏడాది మాదాపూర్లో చేసినా అదే లెక్క. బియ్యం దొరుకుతాయా అంటే, బ్రహ్మాండంగా. వాళ్ళు వరి పండించి ఎగుమతి చేసే బాపతు. కందిపప్పు, చింతపండు, కరివేపాకు మాత్రం మామూలు కొట్లో కనపడవు. పాలు మనలాగే సంచుల్లో వస్తాయి, చూడగానే ప్రాణం లేచొచ్చింది నాకు. శాకాహారులకి ఒక హెచ్చరిక. అక్కడ "కార్నె" అంటే మాంసం అని నిఘంటువు చెబుతుంది, జనం లెక్కలో మాత్రం అది గొడ్డుమాంసం. "కార్నె లేకుండా" అని అడిగితే మర్యాదగా హ్యామ్ వేసి ఇస్తారు. ఏమేం వద్దో ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పుకోవాలి.

ఇక కాగితాలు. రెసిడెన్సీకి జనన ధృవీకరణ పత్రం కావాలి, పెళ్ళయితే వివాహ పత్రం, గత అయిదేళ్ళలో ఉన్న దేశాల నుంచి పోలీస్ క్లియరెన్స్. మన దగ్గర పుట్టిన తేదీకి పదో తరగతి మెమో చూపిస్తే సరిపోతుంది కదా, అక్కడ దాన్ని ఎవరూ పట్టించుకోరు. మన తరంలో చాలామంది బర్త్ సర్టిఫికెట్లో పేరే ఉండదు, "మగ శిశువు" అనో "ఆడ శిశువు" అనో ఉంటుంది. పేరు చేర్పించడం, ఇంటిపేరు స్పెల్లింగు పాస్‌పోర్టుతో కలిసేలా చూసుకోవడం ఊళ్ళోనే పూర్తిచేసుకోండి. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం అటెస్టేషను, దానిమీద విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర. అపోస్టిల్ ఒప్పందం మన దేశంలో 2005 నుంచీ, ఉరుగ్వేలో 2012 నుంచీ అమల్లో ఉంది, అంచేత ఎంబసీల చుట్టూ తిరిగే బాధ తప్పింది. అనువాదం మాత్రం ఇక్కడ చేయించకండి. అక్కడ గుర్తింపు పొందిన ప్రభుత్వ అనువాదకులు ఉంటారు, వాళ్ళ చేతిదే చెల్లుతుంది. దరఖాస్తు పెట్టాక "సెదులా" అనే గుర్తింపు కార్డు వస్తుంది. మన ఆధార్‌లాగా, అది లేందే పని జరగదు. రెసిడెన్సీ ఇంకా నలుగుతూ ఉన్నా దాంతో ఉద్యోగం చేసుకోవచ్చు, భార్యయినా భర్తయినా. హెచ్-4 మీద ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చున్నవాళ్ళకి దీని విలువ తెలుస్తుంది.

అన్నట్టు, ఎల్లో ఫీవర్ టీకా. ఉరుగ్వే అడగదు. కానీ సెలవుల్లో బ్రెజిలో అర్జెంటీనావో చూసి నేరుగా ఇండియా వస్తే మనవాళ్ళు అడుగుతారు, కార్డు లేకపోతే క్వారంటైనే. నారాయణగూడ ఐపీఎంలో వేయించుకుని వెళ్ళండి, ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది.

ఇప్పుడు ఆ అడగని ప్రశ్న. అక్కడ నేను ఏ లెక్కలో ఉంటాను?

మన కంపెనీలు చాలావరకు ఫ్రీ జోన్లలో ఉంటాయి, జోనామెరికా అందులో పెద్దది. 1987 నాటి ఫ్రీ జోన్ల చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. ఫ్రీ జోన్లో పనిచేసే విదేశీయుడు "నాకు ఈ దేశపు సామాజిక భద్రత వద్దు" అని రాతపూర్వకంగా చెప్పొచ్చు. అలా చెప్పినవాడు ఆదాయపు పన్ను కూడా మామూలు శ్లాబుల్లో కాకుండా 12 శాతం చొప్పున కట్టే దారి ఎంచుకోవచ్చు. చేరిన వారంలో హెచ్చార్ వాళ్ళు స్పానిష్‌లో ఉన్న ఆ కాగితం ముందు పెట్టి "సంతకం పెడితే చేతికి ఎక్కువొస్తుంది" అంటారు. మనవాళ్ళు లెక్కలేస్తారు, పెన్షనుకి పోయే 15 శాతం మిగులుతుంది, ఆరోగ్యానికి పోయేది మిగులుతుంది, పన్ను తగ్గుతుంది. సంతకం అయిపోతుంది.

పోయేదేమిటో కాగితంలో ఉండదు. జీతంలోంచి ఆరోగ్యానికి పోయే ఆ వాటా ఫోనాసా అనే జాతీయ నిధికి వెళ్తుంది. మామూలు ఉద్యోగికి నాలుగున్నర శాతం, పిల్లలుంటే ఆరు, భార్యనో భర్తనో కూడా చేర్చుకుంటే ఎనిమిది. దానికి బదులు కుటుంబం మొత్తానికి నచ్చిన "ముతువలిస్తా"లో సభ్యత్వం వస్తుంది. అంటే సభ్యులకోసం నడిచే ఆసుపత్రి. డాక్టరుకీ మందులకీ చిన్న టికెట్టు కొనుక్కుంటే చాలు. కాగితం మీద సంతకం పెట్టినవాడికి ఈ దారి మూసుకుపోతుంది. వాడికి మిగిలేది కంపెనీ ఇచ్చే ఇన్సూరెన్సు, లేదా సొంత డబ్బు.

మా టీములో ఒకతను అలాగే సంతకం పెట్టాడు. ఏడాది తిరిగేసరికి వాళ్ళావిడకి నెల తప్పింది. కంపెనీ ఇన్సూరెన్సులో కాన్పు లేదు. పక్క సీటు ఉరుగ్వే అమ్మాయి కూడా అప్పుడే ప్రసూతి సెలవులో ఉంది. పద్నాలుగు వారాల జీతం సామాజిక భద్రతా సంస్థ ఇచ్చింది, ఆసుపత్రి ఫోనాసాలో వెళ్ళిపోయింది. ఇతను మాత్రం ప్రతి స్కానింగుకీ బిల్లు కడుతూ ఏడో నెలలో ఆవిడని విజయవాడ పంపేశాడు. బిడ్డని మొదటిసారి ఎత్తుకునేసరికి వాడికి అయిదో నెల. నెలనెలా మిగిల్చుకున్నది ఎంతో నాకు తెలీదు గానీ, ఆ అయిదు నెలలకి ఖరీదు కట్టే ఎక్సెల్ షీటు ఎవరి దగ్గరా లేదు.

అందరూ సంతకం మానేయమని నా ఉద్దేశం కాదు. పెళ్ళికాని కుర్రాడు ఏడాదిలో తిరిగొచ్చేస్తానంటే పెట్టుకోవచ్చు. కుటుంబంతో వెళ్తూ, ఇక్కడ పీఎఫ్ ఆగిపోయి, అక్కడా ఏమీ జమకాకుండా మూడేళ్ళు ఉంటే మాత్రం అది ఆదా కాదు. ఆఫర్ లెటర్ వచ్చినప్పుడే ఆ కాగితం కాపీ అడగండి, ఎవరిచేతైనా చదివించుకోండి. ఎంత నలిపినా ఇవ్వనంటే అదీ ఒక సమాచారమే.

ఏది ఎంచుకున్నా కొన్ని హక్కులు ఎక్కడికీ పోవు. ఏడాదికి కనీసం 20 రోజుల సెలవు, సెలవుకి వెళ్ళేముందు చేతికిచ్చే అదనపు డబ్బు, జూన్‌లో సగం డిసెంబరులో సగం వచ్చే పదమూడో నెల జీతం "అగినాల్దో". ఇవి కంపెనీ దయ కాదు, చట్టం. ఆఫర్లో అగినాల్దోని బోనస్ అని రాసి ఊరిస్తే నవ్వుకోండి.

ఇల్లు దొరకడం కష్టం. అద్దెకి హామీ అడుగుతారు, హామీ ఇచ్చే సంస్థలు జీతం స్లిప్పులు అడుగుతాయి, కొత్తగా దిగినవాడి దగ్గర స్లిప్పులుండవు. అప్పుడు ప్రభుత్వ హౌసింగ్ బ్యాంకులో అయిదు నెలల దాకా అద్దె డిపాజిట్ చేయాల్సొస్తుంది. ఆ డబ్బు ఎవరు సర్దుతారో వెళ్ళకముందే కంపెనీతో తేల్చుకోండి. అద్దెకి పైన "గాస్తోస్ కోమూనెస్" అని మన అపార్ట్‌మెంట్ మెయింటెనెన్సు ఉంటుంది, దాన్ని కలిపి లెక్క చూడండి. ఇంటర్నెట్టు సంగతి బెంగ అక్కర్లేదు, ప్రభుత్వ సంస్థ ఆంతెల్ ఇంటింటికీ ఫైబర్ వేసింది.

భాషకి భయపడకండి. స్పానిష్‌లో త, ద మనవే, ఇంగ్లీషు వాళ్ళు నాలుక తిప్పలేని బండి ఱ కూడా మనదే. కాకపోతే నేర్చుకున్న స్పానిష్ అక్కడ కొంచెం తేడాగా వినిపిస్తుంది. వీధిని "కాయె" అని చదువుకుని వెళ్తాం, వాళ్ళు "కాషె" అంటారు. ప్రతి మాటకీ "తా" అంటారు, మన "సరే" అన్నమాట. ఆఫీసులో మాతె అనే చేదు కషాయం ఒకే పాత్రలో, ఒకే గొట్టంతో చుట్టూ తిరుగుతుంది. మన ఎంగిలి పట్టింపులకి అది పరీక్షే. తాగి ఇచ్చేటప్పుడు "గ్రాసియాస్" అన్నారో, ఇక నాకొద్దు అని అర్థం. మొదటి వారంలో మర్యాదకి థ్యాంక్స్ చెప్పి రెండో రౌండుకి నోచుకోని మనవాళ్ళని చాలామందిని చూశాను :)

పిల్లలకి బడి మార్చి నుంచి డిసెంబరు దాకా. మన జూన్ లెక్కతో కుదరదు, కొన్ని నెలలు అటో ఇటో పోతాయి. ప్రభుత్వ బడి ఉచితం, 2007లో మొదలైన సెయిబాల్ పథకంలో పిల్లలకి లాప్‌టాప్‌లూ ఇచ్చారు.

చివరిగా పౌరసత్వం. అక్కడ పుట్టిన బిడ్డ పుట్టుకతోనే ఉరుగ్వే పౌరుడు. భారత పౌరసత్వం కూడా కావాలంటే ఏడాదిలోగా మన రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలి, వేరే దేశం పాస్‌పోర్టు లేదని రాసివ్వాలి. అంచేత ముచ్చటపడి ముందే అక్కడి పాస్‌పోర్టు తీసుకోకండి. పెద్దవాళ్ళు కుటుంబంతో మూడేళ్ళు, ఒంటరిగా అయితే అయిదేళ్ళు ఉంటే పౌరసత్వం అడగొచ్చు. అది తీసుకున్న రోజున మనది పోతుంది. తమాషా ఏమిటంటే, ఇలా పౌరులైనవాళ్ళ పాస్‌పోర్టులో జాతీయత గడిలో చాలాకాలం పుట్టిన దేశం పేరే ఉండేది, 2025లో ఆ నమూనా మార్చారు.

2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బీలకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటించాక ఉరుగ్వే గురించి ఫోన్లు పెరిగాయి. మంచిదే. వెళ్ళండి, ప్రశాంతమైన దేశం, సముద్రపు ఒడ్డున సాయంత్రాలు బాగుంటాయి. కానీ దాన్ని అమెరికాకి వెయిటింగ్ రూముగా చూసేవాడే ఆ కాగితం మీద చదవకుండా సంతకం పెడతాడు. ఎక్కడున్నా సరే, ఉన్నన్నాళ్ళూ అక్కడి లెక్కలోకి ఎక్కండి.