మోడు చిగురించే చోటు



సికింద్రాబాదు నుండి మేడ్చల్ దారిలో వెళ్లి కొంపల్లి దగ్గర ఎడమ ప్రక్కకు తిరిగితే దూలపల్లి వస్తుంది. అటవీ ఉద్యోగులకు శిక్షణనిచ్చే ఫారెస్టు అకాడమీ, అటవీ జీవవైవిధ్య సంస్థ ఇక్కడనే ఉన్నవి. ఒక వేసవిలో సంఘ యౌవనస్థులతో కలిసి మేము ఆ దారిన వెళ్లాము.

అడవి అనగానే మావారు ఆకాశమునంటే చెట్ల కోసము చూచారు. మన మెట్ట ప్రాంతపు అడవి అట్లుండదు. టేకు, చండ్ర, మోదుగ, తునికి వేసవికి ఆకు రాల్చి చచ్చినట్టే నిలుచుంటాయి. ప్రాణమంతా వేరులోనే. యోబు గ్రంథము 14వ అధ్యాయములో నరికిన చెట్టుకున్న నిరీక్షణను గూర్చి మనము చదువుకొనేది సరిగ్గా దీనినే.

నరికిన టేకు మోడు నుండి పిలకలు గుంపుగా లేస్తాయి. అన్నిటిని వదిలితే ఏదీ లావెక్కదు. నిటారైనవి ఒకటి రెండు ఉంచి మిగిలినవి తీసివేయాలి. నరికేటప్పుడు కూడ నేలకు దగ్గరగా, కొంచెము వాలుగా, బెరడు చీలకుండ నరకాలి. నీరు నిలిస్తే మోడు కుళ్లిపోతుంది. వేరు ముందే లోతుకు దిగియున్నది గనుక పిలక, నాటిన మొక్కకన్న త్వరగా ఎదుగుతుంది. తెలంగాణలో 2015లో మొదలైన హరితహారము లక్ష్యము 230 కోట్ల మొక్కలు. వాటిలో 100 కోట్లు అడవుల లోపల, క్షీణించిన అడవిని తిరిగి లేపుట ద్వారా రావలసినవే. ఫోటోలు మాత్రము గుంటలో నాటే మొక్కకే తీస్తారు!

ఈ పిలకలకు గొడ్డలికన్న నిప్పు పెద్ద శత్రువు. అడవి ప్రక్క గ్రామములలోని విశ్వాసులతో ఈ మాట చెప్పక తప్పదు. తునికాకు డబ్బుతోనే అక్కడి ఎన్నో ఇండ్లలో పిల్లల పుస్తకములు, బట్టలు వస్తాయి. అది మాకు తెలియును. అయితే లేత ఆకు కోసమని, ఇప్పపువ్వు ఏరుకొనుటకు నేల శుభ్రపడునని కొందరు నిప్పు పెడతారు. ఆకు వస్తుంది, నిజమే. దానితోపాటు రాలిన గింజ, రేపటి టేకు పిలక కాలిపోతాయి.

నిప్పు లేకుండనే ఆకు వచ్చే మార్గమున్నది. ఫిబ్రవరి, మార్చి నెలలలో తునికి పొదలను నేలమట్టానికి కొట్టివేస్తే సుమారు నెలన్నరకు లేత ఆకు కోతకు వస్తుంది. ఇప్పచెట్టు క్రింద చీపురుతో ఊడ్చి, పాత చీరెలు పరిస్తే చాలు. అడవిని కాపాడే గ్రామస్థులకు దాని ఫలసాయములో భాగముండాలని 1992లోనే మన రాష్ట్రములో వన సంరక్షణ సమితులకు ఉత్తర్వు వచ్చింది. రిజర్వు అడవియైతే పొద కొట్టకముందు బీట్ అధికారిని అడగండి. ఒక్కరుగా కాక, పదిమంది కలిసి వెళ్లండి.