వాలు చూసి కట్టాల్సిన నాగలి

రోహిణి కార్తె చివర్లో అడ్డతీగల సెంటర్‌లోని వెల్డింగ్ షాపుకి ఊపిరి సలపదు. మృగశిర చినుకు పడేలోగా బండ్లు సిద్ధం కావాలని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పవర్ వీడర్లు తెచ్చి దింపుతారు. నేను వెళ్లేసరికి ఒకదాన్ని పక్కకి ఒరగబెట్టి రోటరు పళ్లు విప్పుతున్నారు. కొన్ని పళ్లు రాతికి కొట్టుకుని వంగిపోయాయి. ఒకటి బోల్టు దగ్గరే విరిగింది. విరగనివాటి మూలలు కూడా అరిగి గుండ్రంగా తిరిగాయి. ఆ ఎర్రమట్టిలో గులకరాయి పాలెంతో ఆ పళ్లు చూస్తేనే తెలుస్తోంది.

"బాబాయ్, దీన్ని గరువు మీద వేశావా?" అని మెకానిక్ అడిగాడు.

"గరువు మీదా వేశాం, జీడితోటలోనూ వేశాం. మాకున్నది ఇదొక్కటే కదా!" అన్నాడు బండి తెచ్చిన కొండరెడ్డి రైతు.

నేను తెలుసుకోవాలని వచ్చిన సంగతంతా ఆ జవాబులోనే ఉంది. బండి కొనేటప్పుడు హార్స్‌పవర్ ఎంత, ఆయిల్ ఎంత తాగుతుంది, రాయితీ ఎంత వస్తుంది అని అడుగుతాం. వెనక ఏం కట్టాలో అడగం. ఆ రోజు షాపులో ఉన్న వీడర్లన్నింటికీ వెనక రోటరు తప్ప మరో పనిముట్టు లేదు.

ఎందుకలా ఉందో మెకానిక్ విప్పి చెప్పాడు. నాగలి లాగాలంటే బండికి బరువుండాలి. చక్రం నేలను పట్టుకుంటేనే కర్రు దిగుతుంది. తేలిక బండికి నాగలి కడితే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. రోటరుకి ఆ బాధ లేదు. దాని పళ్లు మట్టిని వెనక్కి నెడుతూ బండిని తామే ముందుకు తోస్తాయి. అందుకే తక్కువ బరువుండే వీడర్లకి రోటరు తగిలించి అమ్ముతారు. నాగలి లాగగల పవర్ టిల్లరు నాలుగు క్వింటాళ్లకు అటూ ఇటూగా తూగుతుంది. గెడ్డ దాటించి, కాలిబాట మీద నలుగురు మోసుకుపోగలిగేది వీడరునే. అంటే కొండెక్కే బండి నాగలి లాగదు, నాగలి లాగే బండి కొండెక్కదు.

మన దగ్గర పవర్ టిల్లర్లు చేస్తున్న పాత సంస్థలు రెండు: 1967లో మొదలైన బెంగళూరు వీఎస్‌టీ, 1973లో మొదలైన కేరళ కామ్‌కో. మొదటిది మిత్సుబిషి, రెండోది కుబోటా పరిజ్ఞానంతో నిలదొక్కుకున్నాయి. పరిజ్ఞానమిచ్చిన ఆ రెండూ జపాను కంపెనీలే. పవర్ టిల్లరు అక్కడి చిన్న చిన్న వరిమడుల్లో రాటుదేలిన బండి. రోటరు బురదలో ఎందుకంత బాగా పనిచేస్తుందో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు.

రైతుతోపాటే వాళ్ల ఊరు వెళ్లాను. కింద గెడ్డ వార వరిమడి, దాని పైన గరువు, ఆపైన వాలు మీద జీడిమామిడి. పై రెండూ అటవీ హక్కుల పట్టా భూమి. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడుకు పడిన కట్టడి, దాని మీద రగిలిన మన్యం తిరుగుబాటు, చివరికి 2006 అటవీ హక్కుల చట్టం... ఇంత దూరం నడిచి చేతికొచ్చిన నేల అది. దాని పైమట్టి చేజారకూడదు.

మడిలో రోటరుకి తిరుగు లేదు. నీళ్లు కట్టి, రబ్బరు టైర్లు తీసి దమ్ము చక్రాలు వేస్తే చాలు. పళ్లు కొక్కెంలా వంగినవైతే బురద అంతగా పట్టదు. ఎల్ ఆకారపు పళ్లు గడ్డీ దుబ్బులూ ఎక్కువున్న నేలకి నయం. దమ్ములో మట్టి మెత్తగా నలిగి అడుగున పొరలా పేరుకుని నీటిని ఇంకనివ్వదు. వరికి కావలసింది అదే.

గరువు మీద ఆ గుణమే కొంప ముంచుతుంది. చోడి, కంది వేసే నేలని రోటరుతో పిండి చేస్తే మొదటి పెద్దవానకే పైన పెచ్చు కడుతుంది. నీరు దిగదు. వాలంట పరుగెత్తి మట్టిని గెడ్డలో కలుపుతుంది. పళ్లు ఏటా అదే లోతున తిరుగుతుంటే వాటి కింద గట్టిపొర ఏర్పడి వేళ్లు దిగవు. ఇక్కడ మొదటి దుక్కికి ఎద్దుల అరకే మేలని నా నమ్మకం. పదును చూసి, వాలుకి అడ్డంగా, బెడ్డ బెడ్డగా దున్నితే చాలు. ఆ తర్వాత వీడరు రోటరు తీసేసి, ఇనుప చక్రాలు వేసి, మూడు పళ్ల గొర్రు కడితే గుల్లబారిన నేలలో అది హాయిగా లాగుతుంది. లారీ పాత కమాను పట్టీలు కోసి ఆ మెకానిక్ ఇలాంటి గొర్లు చేసిస్తున్నాడు. బోదె నాగలి కూడా కడితే వాలుకి అడ్డంగా బోదెలు పడి వాననీరు చాళ్లలోనే ఆగుతుంది.

జీడితోటలో ఇంటి పెద్దామె ఒక చెట్టు కింద కూర్చుని మట్టి పక్కకి తీసి చూపించింది. పిడికెడు లోతులోనే పీచువేర్లు అల్లుకుని ఉన్నాయి. రోటరు తిరిగిన వైపు అవి కత్తిరించినట్టు తెగిపోయి, చివర్లు నల్లబడ్డాయి. "కలుపు పోయింది గానీ చెట్టు వాడిందయ్యా," అంది. జీడిమామిడికి మేత తెచ్చే వేళ్లు పైమట్టిలోనే ఉంటాయి. చెట్టు పాదులో ఏ పనిముట్టూ దించకుండా కలుపు కోసి అక్కడే పరిస్తే నేలకి నీడా ఉంటుంది, తేమా నిలుస్తుంది. 2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి సేద్యంలో చెబుతున్నదీ ఇదే: నేలని తక్కువ కదిలించు, ఎప్పుడూ ఏదో ఒక పచ్చదనంతో కప్పి ఉంచు. ఇంకా నిటారు వాలు మీద ఆమె గునపంతో గుంట తీసి గింజ వేస్తుంది. అక్కడ బండి ఊసే వద్దు.

ఇంకొక్క మాట ప్రతి ఊళ్లోనూ చెప్పాలి. వెనక్కి గేరు వేసే ముందు రోటరు ఆపి తీరాలి. తిరుగుతున్న రోటరుతో వెనక్కి వస్తే హ్యాండిల్ మీదికి లేచి పళ్లు కాళ్ల మీదికి వస్తాయి. వాలు మీద కాలు జారే చోట ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

2014-15లో మొదలైన కేంద్ర యాంత్రీకరణ పథకం కింద గిరిజన రైతులకి, మహిళలకి, చిన్న సన్నకారు రైతులకి యంత్రం ధరలో సగం దాకా రాయితీ ఉంది. అద్దె కేంద్రాలకూ సాయం ఉంది. ఒక్కో ఇంటికి ఒక్కో వీడరు కంటే ఊరికంతా ఒక బండి, దానికి దమ్ము చక్రాలు, గొర్రు, బోదె నాగలి ఉంటే ఈ కొండల్లో ఎక్కువ మేలు. సాయంత్రం రైతు ఇంటి అరుగు మీద డ్వాక్రా సంఘం ఆడవాళ్లు ఈ లెక్కే వేశారు. రెండో బండి కొనే మాట పక్కనపెట్టి పనిముట్ల జాబితా రాసుకున్నారు. గొర్రు వెడల్పు ఎంతుండాలన్న దగ్గర వాదన ఆగింది. కంది సాళ్ల మధ్య ఎడం కొలవడానికి ఇద్దరు తాడు తీసుకుని గరువుకి వెళ్లారు.