గూడెం పేరు ఎక్కడ పోయింది?

మనలో కంప్యూటర్ కోర్సు చదివేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. మేం చేసిన తప్పు మీరు చేయకూడదని ఇది రాస్తున్నాం.

మేము అంటే హాస్టల్లో ఒకే రూమ్‌లో ఉండే ముగ్గురం. మా ఇళ్లల్లో కాలేజీ దాకా వచ్చింది మేమే మొదలు. రెండో సంవత్సరం ప్రాజెక్టుకి మా హాస్టల్ రిజిస్టర్‌నే జావా వెబ్ సర్వీసుగా చేద్దామనుకున్నాం. పిల్లలు ఫోన్‌లో వివరాలు నింపుతారు. ఎవరికైనా బాగోలేకపోతే వార్డెన్ సార్ బటన్ నొక్కగానే వాళ్లింటికి మెసేజ్ పోవాలి.

ఫోన్ నుంచి వివరాలు జేసన్ రూపంలో వస్తాయి. జేసన్ అంటే వట్టి అక్షరాలే, ఒకపక్క పేరు, ఇంకోపక్క దాని విలువ. జావాకి కావాల్సింది ఆబ్జెక్ట్. ఈ మార్పు చేసేది జాక్సన్ లైబ్రరీలోని ఆబ్జెక్ట్‌మ్యాపర్. రీడ్‌వాల్యూ అంటే జేసన్‌ని ఆబ్జెక్ట్ చేస్తుంది, రైట్‌వాల్యూయాజ్‌స్ట్రింగ్ అంటే ఆబ్జెక్ట్‌ని మళ్లీ జేసన్ చేస్తుంది. మామూలుగా జేసన్‌లో పేరూ క్లాసులో పేరూ ఒకటైతేనే విలువ వచ్చి కూర్చుంటుంది.

ఫారంలో మేం గూడెం, పేరు అనే మాటల మధ్య అండర్‌స్కోర్ పెట్టాం. క్లాసులో కలిపి రాశాం. నడపగానే ఎర్ర అక్షరాలు: అన్‌రికగ్నైజ్డ్ ప్రాపర్టీ ఎక్సెప్షన్. ఈ పేరు నాకు తెలీదు అని దానర్థం. తెల్లారితే సార్‌కి చూపించాలి. నెట్‌లో వెతికితే తెలియని పేర్లు వదిలేయమనే లైను దొరికింది, జేసన్‌ఇగ్నోర్‌ప్రాపర్టీస్ అని. పెట్టేశాం. ఎర్ర అక్షరాలు పోయాయి, హమ్మయ్య అని పడుకున్నాం.

వాటితోపాటు అందరి గూడెం పేర్లూ పోయి నల్ అయ్యాయి. స్క్రీన్ మీద పేరు, పంచాయతీ మాత్రమే చూపించాం కాబట్టి ఎవరికీ కనబడలేదు.

వానాకాలంలో ఒక తమ్ముడికి జ్వరమొచ్చింది. అదే పేరుతో అదే పంచాయతీ నుంచి ఇంకో తమ్ముడున్నాడు. గూడేలు వేరు. గూడెం లేని మా కోడ్ లిస్టులో ముందున్నవాడి ఇంటికి మెసేజ్ పంపింది. మర్నాడు వాళ్ల నాన్న వాగు దాటి, రోడ్డు దాకా నడిచి, బస్సు పట్టుకుని వచ్చాడు. కొడుకు వాలీబాల్ ఆడుతున్నాడు. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "బాగున్నాడు, అదే చాలు" అని మెట్ల మీద కూలబడ్డాడు. జ్వరమొచ్చినవాడి ఇంట్లో రెండు రోజుల దాకా సంగతే తెలీదు. మేం తలెత్తలేకపోయాం.

సరిచేయడానికి పట్టింది ఒక్క లైను. క్లాసులో ఆ ఫీల్డు మీద జేసన్‌ప్రాపర్టీ అని పెట్టి, ఫారంలో ఉన్న పేరు రాశాం. వదిలేయమన్న లైను తీసేశాం. గూడెం ఖాళీగా వస్తే ఫారం వెనక్కి పంపుతున్నాం. మనిషిని పేరుతో కాకుండా అడ్మిషన్ నంబరుతో వెతుకుతున్నాం. ఒక జేసన్‌ని ఆబ్జెక్ట్ చేసి, మళ్లీ జేసన్ చేసి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాం. ఏది పోయినా అక్కడే దొరుకుతుంది.

ఇంకోమాట. మేం మ్యాపర్‌ని సొంతంగా తయారుచేసుకున్నాం కాబట్టి ఎర్ర అక్షరాలన్నా వచ్చాయి. స్ప్రింగ్ బూట్ ఇచ్చే మ్యాపర్‌లో ఈ తనిఖీ ముందే ఆపేసి ఉంటుంది, తప్పు చప్పుడు లేకుండా జరిగిపోతుంది. సెట్టింగుల్లో ఫెయిల్ ఆన్ అన్‌నోన్ ప్రాపర్టీస్‌ని ట్రూ చేసుకోండి.

ఫారాల్లో మన గూడెం పేరుకి గడి ఉండదని మనమే బాధపడుతుంటాం. ఈసారి గడి పెట్టిందీ మేమే, పోగొట్టిందీ మేమే. ఎర్ర అక్షరాలొస్తే ముందు చదవండి తమ్ముళ్లూ. అర్థం కాకపోతే అడగండి, మాకు తెలిసింది చెప్తాం.