తలకిందుల ఓడ

పిల్లలూ! వానాకాలంలో కాగితప్పడవ చేసి వాకిట్లో వదలనివారు మీలో ఎవరూ ఉండరు. కొంచెం పెద్దవాళ్ళయితే కొయ్యతోనో, అట్టతోనో తెరచాపల ఓడ కూడా చేసి ఉంటారు. అయితే ఓడను బోర్లించి, అడుగు పైకీ, పైభాగం కిందికీ ఉండేటట్టు బొమ్మ చేసినవారిని ఎవరినైనా చూశారా? నేను ఒకణ్ణి చూశాను. వాడు నా మనవడు కిట్టు. వాడి వయస్సు పన్నెండేళ్ళు. ఆ బొమ్మ ఎట్లా పుట్టిందో చెప్పాలంటే ముందు మిమ్మల్ని చాలా దూరం తీసుకుపోవాలి.

స్కాట్లండులో ఎబర్డీన్ అనే రేవుపట్నం ఉన్నది. మా రెండో అమ్మాయి కాపరం అక్కడే. మొన్న వేసవిలో నేను వెళ్ళేసరికి కిట్టు ఒక పెద్ద జర్మను యుద్ధనౌక చిత్రాలు గోడనిండా అంటించి ఉంచాడు. దాని పేరు హిండెన్‌బర్గ్. ఫిరంగులతో, పొగగొట్టాలతో, జెండాలతో సహా దాని నమూనా చేయాలని వాడి కోరిక. "ఆ ఓడ మునిగిన చోటు ఇక్కడికి దగ్గరే తాతయ్యా! చూద్దాం రా" అని నన్ను నిలవనివ్వలేదు. వాడి దగ్గర అంటే ఒక పగలంతా కారు ప్రయాణం, ఆ పైన గంటన్నర ఓడ ప్రయాణమూను.

స్కాట్లండుకు ఉత్తరపు కొసన స్క్రాబ్‌స్టర్ అనే చిన్న రేవు ఉన్నది. అక్కడ ఓడ ఎక్కితే ఓర్క్నీ దీవులకు చేరవచ్చు. దారిలో హోయ్ దీవి అంచున, సముద్రంలో ఒంటరిగా నిలబడిన రాతిస్తంభం ఒకటి కనిపిస్తుంది. ఎత్తు 137 మీటర్లు. దానిని "హోయ్ ముసలాయన" అంటారు. గాలికి నా శాలువ ఎగిరిపోబోతుంటే, కిట్టు నన్నూ ఆ రాతినీ మార్చి మార్చి చూసి నవ్వాడు. వాడి మనసులో మాట నేను అడగలేదు.

దిగిన ఊరు స్ట్రోమ్‌నెస్. రాతి ఇళ్ళు, సన్నని వీధి, ప్రతి ఇంటి వెనకా నీళ్ళు. మర్నాడు హౌటన్ అనే చోట చిన్న ఓడ ఎక్కి లైనెస్‌కు బయలుదేరాం. ఆ ఓడ దాటేదే స్కాపా ఫ్లో. చుట్టూ దీవులు గోడల్లాగా నిలబడి ఉంటే, మధ్య ఉన్న సముద్రం చెరువులాగా ఉన్నది. ఒక సీలు చేప తల ఎత్తి మమ్మల్ని చూసి మునిగిపోయింది. (సీలును చేప అన్నందుకు కిట్టు నన్ను దిద్దాడు. అది పాలిచ్చే జంతువు. నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినవాడు కూడా ఆదమరిస్తే అంతే!) అంతకు మించి అక్కడ చూడటానికి ఏమీ లేదు. చూడవలసినది జరిగి నూరేళ్ళు దాటింది.

మొదటి ప్రపంచ యుద్ధం 1918 నవంబరులో ఆగింది. సంధి షరతులు తేలేదాకా జర్మను నౌకాదళంలోని 74 ఓడలను తెచ్చి ఇక్కడ లంగరు వేయించారు. ఓడల్లో కొద్దిమంది జర్మను నావికులను ఉంచారు. చుట్టూ బ్రిటిషు కాపలా. ఏడు నెలలు గడిచాయి. తన ఓడలు శత్రువుల పాలవుతాయేమోనని జర్మను సేనాని వాన్ రాయిటర్‌కు భయం పట్టుకున్నది. 1919 జూన్ 21వ తేదీ ఉదయం బ్రిటిషు యుద్ధనౌకలు అభ్యాసానికి బయటి సముద్రంలోకి పోయాయి. ఆ సమయం చూసి ఆయన జెండాల సైగతో ఆజ్ఞ ఇచ్చాడు. నావికులు ఓడల అడుగున ఉన్న కవాటాలు తెరిచి సముద్రాన్ని లోపలికి వదిలారు. మధ్యాహ్నం పన్నెండుంబావుకు మొదటి పెద్ద ఓడ మునిగింది. సాయంకాలం అయిదుకు అన్నిటికన్న చివర హిండెన్‌బర్గ్ మునిగింది. మొత్తం 52 ఓడలు. ఒకే రోజున, యుద్ధమన్నది లేకుండా!

దీనిని చూసినవారెవరో తెలుసా? స్ట్రోమ్‌నెస్ బడి పిల్లలు! వాళ్ళ ఉపాధ్యాయులు సరిగ్గా ఆనాడే జర్మను ఓడలు చూపిద్దామని పిల్లల్ని "ఫ్లయింగ్ కెస్ట్రెల్" అనే చిన్న ఓడలో విహారయాత్రకు తీసుకువచ్చారు. వారి కళ్ళముందే మహానౌకలు ఒకటి ముక్కు ఎత్తి, ఒకటి పక్కకు ఒరిగి, ఒకటి బోర్లపడి మునిగిపోసాగాయి. పడవల్లోకి దిగిన జర్మనుల మీద కాపలావారు తుపాకులు పేల్చారు. ఆ రోజున తొమ్మిదిమంది జర్మను నావికులు చనిపోయారు.

నేను మా పిల్లల్ని ఎన్నోసార్లు ధవళేశ్వరం ఆనకట్టకు తీసుకుపోయాను. పడవ ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి తలలు లెక్కపెట్టుకొనేవాణ్ణి. ఒకటి తగ్గితే గుండె ఆగిపోయేది. ఆనాటి ఉపాధ్యాయులు పిల్లల్ని ఎట్లా ఇంటికి చేర్చారో, దారిలో వారడిగిన ప్రశ్నలకు ఏం చెప్పారో అని నాకు ఆ సముద్రం మీద ఆలోచన పట్టుకున్నది. లైనెస్‌లో నావికుల శ్మశానం ఉన్నది. బ్రిటిషువారి సమాధుల దగ్గరే జర్మనులవీ ఉన్నాయి. కిట్టు ఒక్కొక్క రాతి మీద పేరూ తేదీ చదువుతూ నడిచాడు. తిరిగి వచ్చేటప్పుడు వాడు ఫిరంగుల సంగతి ఎత్తలేదు.

ఇంతకూ ఆ ఓడలు ఏమయ్యాయి? చాలా వాటిని పైకి తీశారు! ఆ పని మొదలుపెట్టినవాడు ఎర్నెస్ట్ కాక్స్ అనే పాత ఇనుము వ్యాపారి. అంతకు ముందు ఆయన ఒక్క పడవను కూడా నీటిలోంచి ఎత్తి ఎరగడు. 1924లో చిన్న ఓడలతో మొదలుపెట్టాడు. వాటిని ఇనుపతాళ్ళు వేసి ఎత్తవచ్చు. మరి ఇరవై మూడువేల టన్నుల ఓడను ఏ తాడు ఎత్తగలదు? అందులోనూ మోల్ట్కె అనే నౌక సుమారు 24 మీటర్ల లోతున బోర్లపడి, ఒక పక్కకు ఒరిగి ఉన్నది.

మీ ఇంట్లో ఒక గాజు గ్లాసును నీళ్ళబిందెలో బోర్లించి ముంచండి. లోపలి గాలి నీళ్ళను పైకి రానివ్వదు. కాక్స్ చేసింది అదే. గజ ఈతగాళ్ళు నీటి దుస్తులు తొడుక్కుని దిగి, ఓడ అడుగున ఉన్న రంధ్రాలన్నీ మూసేశారు. యంత్రాలతో గాలిని అదిమి లోపలికి పంపారు. గాలి పైన చేరి నీటిని కిందికి నెట్టింది. ఓడ అడుగుకు నిలువుగా పెద్ద ఇనుపగొట్టాలు బిగించారు. వాటికి రెండేసి తలుపులు. ఒకటి మూసిన తరవాతనే రెండోది తెరవాలి, లేకపోతే గాలి పోతుంది. మనుషులు ఆ గొట్టాల్లో నిచ్చెనమీదుగా దిగి ఓడలోనే పనిచేశారు. ఆలోచించండి: వారు నడిచింది కప్పు మీద, నేల వారి నెత్తిమీద!

కాక్స్ పనిలో తమాషాలు తక్కువ కాదు. 1926లో బొగ్గుగని పనివారి సమ్మెవల్ల ఆయన యంత్రాలకు బొగ్గు దొరకలేదు. పక్కనే సైడ్లిట్స్ అనే మునిగిన నౌక పక్కకు ఒరిగి నీటిపైకి కనిపిస్తున్నది. దాని పక్కను కోసి, అందులోని బొగ్గే తవ్వి తీసి యంత్రాలు నడిపాడు. హిండెన్‌బర్గ్‌కు దాదాపు 800 మాసికలు వేయవలసి వచ్చింది. సందుల్లో జంతువుల కొవ్వు కూరారు. అయినా మాసికలు కారటం మొదలుపెట్టాయి. ఎందుకో తెలుసా? చేపలు ఆ కొవ్వును తినేస్తున్నాయి! కొవ్వులో పదోవంతు సిమెంటు కలిపిన తరవాత చేపలు దాని జోలికి రాలేదు. అయినా ఆ ఓడ ఒకసారి పైకి వచ్చినట్టే వచ్చి ఒరిగి, గాలివానలో మళ్ళీ మునిగింది. అది నిలకడగా తేలింది 1930లో. ముప్ఫయికి పైగా ఓడలు ఎత్తిన తరవాత లెక్కలు చూసుకుంటే కాక్స్‌కు వచ్చినది సుమారు పదివేల పౌన్ల నష్టం.

ఎబర్డీన్ చేరాక కిట్టు గోడమీద చిత్రాలు తీసేసి, "తాతయ్యా, నేను మోల్ట్కెను చేస్తాను, తలకిందులుగా" అన్నాడు.

"బోర్లించిన ఓడను ఎవరు చూస్తారురా? దొన్నె అనుకుంటారు" అన్నాను నేను.

"అందరూ చేసేది మునగకముందు ఓడ. పైకి తీసిన ఓడ కూడా ఓడేగా!" అన్నాడు వాడు. నాకు సమాధానం తోచలేదు. కాని ఒప్పుకోనూ లేదు. మొండివాడు తాతకు తగ్గ మనవడే.

మొదట లెక్క. నమూనాకు 350లో ఒక వంతు కొలత పెట్టుకున్నాం. అసలు ఓడ పొడవు సుమారు 186 మీటర్లు, అంటే మాది 53 సెంటీమీటర్లు. బరువూ అట్లాగే 350వ వంతేనా? ఇక్కడ చాలామంది పిల్లలు పొరబడతారు. పొడవు 350వ వంతైతే వెడల్పూ, ఎత్తూ కూడా అంతే తగ్గుతాయి గదా! కనుక 350ని 350తో, మళ్ళీ 350తో హెచ్చించాలి. నాలుగుకోట్ల ఇరవై ఎనిమిది లక్షల పైచిలుకు వస్తుంది. 23,000 టన్నులను దానితో భాగిస్తే సుమారు 540 గ్రాములు! అంత పెద్ద యుద్ధనౌక అరకిలో వంకాయలంత తూగింది. మా అమ్మాయి వంటింటి తక్కెడ తెచ్చి ఇచ్చింది.

పలచని ప్లాస్టిక్ రేకుతో ఓడకు పక్కటెముకలు కోసి, వాటిమీద సన్నని పట్టీలు అతికించి ఒంపు తెచ్చాడు కిట్టు. తాళ్ళరేవులో కొయ్యపడవల మేస్త్రీలు చేసే పనీ ఇదే వరస. బోర్లించిన ఓడలో ఫిరంగి గోపురాలు కిందికి వేలాడుతాయి కనుక సీసపు గుండ్లు వాటిలోనే నింపాడు. స్నానాల తొట్టిలో సరిగ్గా 7 సెంటీమీటర్ల నీళ్ళు పోశాడు. అది 24 మీటర్లకు లెక్క. ఓడను ముంచి, చేపలతొట్టె గాలిపంపు గొట్టాన్ని దాని అడుగున గుచ్చాం. ఒక గొట్టం చాలునని చెప్పింది నేనే.

గాలి పోయింది. ఓడ ముక్కు లేచింది. అంతే, లోపలి గాలంతా పైకి లేచిన వైపుకే పరుగెత్తింది. ముక్కు మరీ లేచి, గాలి బుడబుడా బయటికి పోయి ఓడ మళ్ళీ మునిగింది. గొట్టం నడిమికి మార్చాం. ఈసారి తోక లేచింది. ఆ సాయంకాలం ఏడుసార్లు ముంచాం. కిట్టు కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నువ్వు చెప్పినట్టు చేస్తే రాదు!" అన్నాడు. మా అమ్మాయి వాణ్ణి కసిరింది. కాని వాడు అన్నది నిజమే.

మర్నాడు పొద్దున వాడే చెప్పాడు. మోల్ట్కెకూ ఇదే జరిగిందట! గాలి ముందుకు చేరి ముక్కు మాత్రమే లేచింది. అప్పుడు లోపలి అడ్డుగోడల రంధ్రాలు మూసి, ఓడను గదులుగా విడగొట్టి, ఒక్కొక్క గదికి కావలసినంత గాలి పంపారు. మేమూ మూడు అడ్డుగోడలు పెట్టి నాలుగు గదులు చేశాం. నాలుగు గొట్టాలు, నాలుగు చిడతలు. కిట్టు ఒక్కొక్క చిడత వదులుతూ బిగిస్తూ ఉంటే, ఆ నల్లని వీపు ఎటూ ఒరగకుండా మెల్లగా నీటిపైకి వచ్చింది. నేను చప్పట్లు కొట్టాను. నా చొక్కా తడిసింది.

నమూనా అన్నీ చూపించలేదు సుమా. ఓడను 350వ వంతు చేయగలంగాని, గాలినీ నీటినీ చేయలేం. పది మీటర్ల లోతు నీళ్ళ ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సమానం. నిజమైన ఓడ లోతునుంచి లేచేకొద్దీ బయటి ఒత్తిడి తగ్గుతుంది, లోపలి గాలి వ్యాకోచించి ఇంకా నీటిని నెడుతుంది. అందుకే కదిలిన ఓడ ఒక్క ఉరుకున పైకి వచ్చేది. మా 7 సెంటీమీటర్లలో ఆ ఉరుకు లేదు.

మోల్ట్కెను 1928 మేలో మూడు టగ్గులు దక్షిణాన ఉన్న రోసైత్ రేవుకు లాగుకుపోయాయి. అది తలకిందులుగానే ప్రయాణం చేసింది. దాని అడుగుమీద పనివారికి పడకగది, వంటగది కట్టారు. తోవలో గాలివాన తగిలి, గాలి కారిపోయి, ఓడ లోతుకు దిగుతూ పోయింది. తీరా ఫోర్త్ ఉప్పుటేరులోకి వచ్చాక దారి చూపటానికి ఒకరికి ఇద్దరు చుక్కానివారు ఎక్కి, పెత్తనం నాదంటే నాదని వాదులాడుకున్నారు. ఇంతలో టగ్గులు ఇంచ్‌గార్వీ అనే చిన్న దీవికి ఒక పక్కగా, ఓడ రెండో పక్కగా పోయాయి! ఎదుట ఫోర్త్ రైలు వంతెన. వేరే దారి లేక తాళ్ళు వదిలేశారు. పట్టేవాడు, తిప్పేవాడు లేకుండా ఆ మహానౌక తనంతట తానే వంతెన కిందుగా తేలిపోయింది. దేనికీ తగల్లేదు.

కిట్టు తన బొమ్మమీద ఆ వంటగది కట్టాడు. నమూనాల దుకాణంలో ఓడ నావికుల బొమ్మలు చీమలంతవి అమ్ముతారు. వాటికి టోపీలు గీకేసి పనివాళ్ళను చేశాడు. అన్నం వండేవాడు ఒకడు, గొట్టం దగ్గర ఒకడు. ఫిరంగులు కిందికి తిరిగి ఉన్నాయి గనుక బల్లమీద పెడితే కనిపించవు.

నేను తిరిగి వచ్చేనాడు ఎడింబరోకు రైల్లో బయలుదేరాం. ఆ రైలు ఫోర్త్ వంతెన మీదుగానే పోతుంది. కిట్టు బొమ్మను అట్టపెట్టెలోంచి తీసి కిటికీకి ఆనించి, "అదిగో ఇంచ్‌గార్వీ! టగ్గులు ఒకవైపు, ఇది ఒకవైపు" అని కేకపెట్టాడు. పక్క బెంచీలోని ముసలమ్మ అదేమిటని అడిగితే వంతెన దాటేదాకా చెబుతూనే ఉన్నాడు. ఆమె దొన్నె అనుకోలేదు. రైలు కుదుపుకు వంటగది పొగగొట్టం అద్దానికి తగిలి విరిగింది. దానిని కాకినాడ వచ్చాక అగ్గిపుల్లతో నేనే అతికించాను.