తైయువాన్ నుంచి సుజాతకు

తైయువాన్

ప్రియమైన సుజాతకు,

చైనావాళ్ల అయిదు మూలకాలూ మన పంచభూతాలూ ఒకటేనా అని అడిగావు. కావే. ఆ ఒక్క ముక్కతో నువ్వు ఊరుకోవని తెలుసు, అందుకే వివరంగా రాస్తున్నాను.

వాళ్ల అయిదింటిలో గాలి లేదు, ఆకాశం లేదు. కొయ్య, నిప్పు, మన్ను, లోహం, నీరు. ఈ ఒళ్లు దేనితో తయారైందన్న ప్రశ్నతో మన ఆయుర్వేదం పంచభూతాల దగ్గరికి వెళ్తుంది. వీళ్ల ప్రశ్న వేరు: ఏది దేన్ని పెంచుతుంది, ఏది దేన్ని అదుపు చేస్తుంది? కొయ్య నిప్పును పెంచుతుంది, నిప్పు బూడిదై మన్నులో కలుస్తుంది, మన్ను లోహాన్ని కంటుంది, చల్లటి లోహం మీద నీరు చెమరుస్తుంది, నీటితో చెట్టు పెరుగుతుంది. అదుపు దారి ఇంకొకటి. వేరు నేలను చీలుస్తుంది, మట్టికట్ట నీటిని ఆపుతుంది, నీరు నిప్పును ఆర్పుతుంది, నిప్పు లోహాన్ని కరిగిస్తుంది, లోహం చెట్టును నరుకుతుంది. ఈ రెండు దారులూ మనసులో పెట్టుకో. మిగతాదంతా వాటి మీదే నడుస్తుంది.

నాకిది పుస్తకాల్లో కంటే షింగ్‌యీ సాధనలో బాగా తెలిసింది. ఈ యుద్ధవిద్యకు నేనున్న షాన్‌షీ రాష్ట్రం చాలా ముఖ్యమైన చోటు. హెబేయ్ నుంచి వచ్చిన లీ లువోనెంగ్ ఇక్కడి దాయ్ కుటుంబం దగ్గర నేర్చుకున్నాడు. ఆయన శిష్యుడు చె ఈజాయ్ (1833–1914) తైగులో ఉండేవాడు. తైగు మాకు దగ్గరే.

విద్యకు పునాది అయిదే అయిదు గుద్దులు: పీ, జ్వాన్, బెంగ్, పావ్, హెంగ్. అంటే లోహం, నీరు, కొయ్య, నిప్పు, మన్ను. చూశావా, నేర్పే వరసే పెంచే దారి!

పీ ఒక్కటీ చెప్తాను. పిడికిలి పొత్తికడుపు దగ్గర బయల్దేరి, రొమ్ము మీదుగా లేచి, గడ్డం ఎత్తున మెలి తిరుగుతూ ముందుకు పోతుంది. రెండో చేయి దాని మీదుగా జారుతూ, అరచేయి తెరుచుకుని, గొడ్డలి వేటులా దిగుతుంది. సరిగ్గా ఆ క్షణానే ముందు పాదం నేలను తాకాలి. చేయి ముందూ కాలు వెనకా అయితే అది ఒట్టి చేతి బలం. రెండూ కలిస్తే ఒంటి బరువంతా అరచేతిలోకి వస్తుంది. మా గురువుగారు చేతికేసి చూడనే చూడరు, పాదం చప్పుడు వింటారు.

ఇద్దరు ఎదురెదురుగా చేసే సాధనలో అదుపు దారి కనిపిస్తుంది. బెంగ్ నేరుగా రొమ్ము మీదికి వస్తే పీ పైనుంచి నరుకుతుంది. పీ దిగుతుంటే పావ్: ఒక చేత్తో ఎత్తి తప్పిస్తూ రెండో చేత్తో కొట్టడం. పావ్‌కు జ్వాన్, జ్వాన్‌కు హెంగ్, హెంగ్‌కు మళ్లీ బెంగ్. నిజం కొట్లాటలో ఎవరూ ఈ వరసలో రారు. చేయి అరక్షణం ఆలస్యమైతే ఏ మూలకమూ కాపాడదు. కానీ ఏ బలానికీ ఒంటరిగా గెలుపు లేదన్న సంగతి ఈ సాధన ఒంటికి ఎక్కిస్తుంది. అందుకే నాకిది ప్రాణం.

ఇక నీ రంగం, వైద్యం. వాళ్ల రుచులు అయిదే, మన వగరుకు అక్కడ చోటు లేదు. పులుపు కాలేయానికి, చేదు గుండెకు, తీపి ప్లీహానికి, కారం ఊపిరితిత్తులకు, ఉప్పు మూత్రపిండాలకు. నాన్‌జింగ్ అనే ప్రాచీన వైద్యగ్రంథం చెప్పిన పద్ధతి ఒకటి నీకు తప్పక నచ్చుతుంది. ఏదైనా అవయవం నీరసిస్తే దాని తల్లికి, అంటే పెంచే దారిలో దాని ముందున్నదానికి, బలమివ్వమంటుంది. ఊపిరితిత్తులు లోహం, దాని తల్లి మన్ను, అంటే ప్లీహం, జీర్ణశక్తి. దగ్గు వదలక, ఆకలి లేక, విరేచనం పలచనైతే వాళ్లు ముందు పొట్టనే చూస్తారు. అందుకు సోంగ్ రాజుల కాలం నాటి షెన్ లింగ్ బాయ్‌జూ సాన్ అనే చూర్ణం ఉంది. అందులో జిన్సెంగ్‌తో పాటు తామర గింజలు, తెల్ల చిక్కుడు గింజలు, అతిమధురం వేస్తారు. మందును పైకి, ఊపిరితిత్తుల దాకా చేర్చడానికని ప్లాటికోడాన్ వేరు కూడా. మన వంటింటి చిక్కుడు అక్కడ కనిపిస్తే ఎంత సంతోషమేసిందో!

షింగ్‌యీ మీద 1915లో అచ్చయిన సున్ లూథాంగ్ పుస్తకం గుద్దుల్నీ అవయవాలతో కలుపుతుంది. పీ ఊపిరితిత్తులకు, జ్వాన్ మూత్రపిండాలకు, అలా. అన్నిటినీ నేను ఒకేలా నమ్మను. పీ చేస్తే చేతులు లేచి రొమ్ము విచ్చుకుంటుంది, ఊపిరి నిండుగా ఆడుతుంది. అది నా ఒంట్లోనే చూశాను. జ్వాన్ మూత్రపిండాన్ని బాగుచేస్తుందని మాత్రం చెప్పలేను. చైనాలోనే దీని మీద పెద్ద గొడవలు జరిగాయి. మేధావి లియాంగ్ చీచావ్ 1923లో ఈ అయిదు మూలకాల సిద్ధాంతాన్ని మూఢనమ్మకమని దుయ్యబట్టాడు. 1929లో సంప్రదాయ వైద్యాన్నే తీసెయ్యాలని తీర్మానం వస్తే మార్చి 17న వైద్యులు షాంఘైలో పోగై ఎదిరించారు. వైద్యం నిలబడింది. ప్రశ్నలూ నిలబడ్డాయి, నిలబడాలి కూడా.

నీ దగ్గరికొచ్చే ఆయాసం రోగులకు పీ నేర్పిస్తానన్నావు. నేర్పు, మంచిదే. నెమ్మదిగా, ఊపిరికి తగ్గట్టు చేయించు. వాళ్లు వాడుతున్న ఇన్‌హేలర్ మాత్రం ఒక్కపూట కూడా మాన్పించకు.

నీ
పద్మ